మునిలక్ష్మక్క పురుగుల స్టాండు

స్క్రీన్ ప్రింటింగులో అచ్చు వేయడం పెద్ద పని కాదు. ఆరబెట్టడమే పని. చట్రానికి బిగించిన పలచటి గుడ్డ మీద ఇంకు పోసి, రబ్బరు బద్దతో ఒక్కసారి లాగితే పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ముహూర్తం అన్నీ కాగితం మీదికి దిగిపోతాయి. తర్వాత ఆ తడి కాగితాన్ని ఎక్కడ పెట్టాలి? ఒకదాని మీద ఒకటి పెడితే కింది కార్డులోని పెళ్లికొడుకు పై కార్డు వీపుకు అంటుకుంటాడు. ఈ ప్రశ్నకు నాకు జవాబు చెప్పింది ఇంజనీరు కాదు, నాలుగో తరగతి వరకు చదివిన మునిలక్ష్మక్క.

నా పేరు ఢిల్లీబాబు. చిత్తూరు బస్టాండు వెనక సందులో ఒక్క గది షాపు నాది. పెళ్లికార్డులు, గృహప్రవేశం పత్రికలు, క్యాలెండర్లు వేస్తాను. బద్ద లాగేది నేనే, తిట్టేదీ నేనే. నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో తప్పులన్నీ నావి.

మునిలక్ష్మక్క పదకొండేళ్ల కిందట కవర్లు అంటించే పనికి వచ్చింది. పుట్టింది పలమనేరు పక్కన ఒక పల్లెలో, మెట్టింది బంగారుపాళ్యంలో. రెండిళ్లలోనూ పట్టుపురుగులు పెంచేవాళ్లు. బోరు ఎండి మల్బరీ తోట పోయాక పురుగుల పనీ పోయింది. అప్పటినుంచి పొద్దున ఎనిమిది గంటల బస్సెక్కి చిత్తూరు రావడం మొదలుపెట్టింది. అప్పటికి నా షాపులో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు, తాళ్లకు క్లిప్పులు, క్లిప్పులకు కార్డులు. వంగి నడవాలి. మరిచిపోయి నిటారుగా నడిస్తే శుభలేఖ చొక్కా మీద పడుతుంది. ఆమె మూడు రోజులు వంగి నడిచింది. నాలుగో రోజు నడుం పట్టుకుని నిలబడింది.

"సామీ, కాగితాలను ఎందుకిట్లా ఉరేసినారు?"

"ఆరాల గదా."

"ఆరాలంటే పండుకోబెట్టాల. ఇట్లా యాలాడదీస్తే గాలికి ఒకదానికొకటి తగులుకుంటా ఉండాయి, సూడండి."

పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడికి పాఠాలు చెబుతావా అని కసిరాను. ఆమె మళ్లీ వంగి తన పనిలోకి వెళ్లిపోయింది. సోమవారం మాత్రం బస్సులో రాలేదు. తమ్ముడు రామచంద్ర ట్రాలీ ఆటోలో వచ్చింది. ఆటోలో నాలుగు సరుగుడు గుంజలు, ఒక కట్ట వెదురు తడికలు, గుడ్డసంచి నిండా చెక్క మేకులు.

పట్టుపురుగుల స్టాండు అది. గుంజల పొడవునా రెండు వేళ్ల ఎడంలో బెజ్జాలున్నాయి. బెజ్జాల్లో మేకులు, మేకుల మీద తడికలు. మేకు తీసి పై బెజ్జంలో పెడితే తడిక పైకి పోతుంది, కింది బెజ్జంలో పెడితే దిగుతుంది. చిన్న పురుగులకు తక్కువ సందు చాలు. పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. పొర విడిచే ముందు కదలకుండా పడుకోవడాన్ని వాళ్లు జ్వరం అంటారు. జ్వరం జ్వరానికీ పురుగు లావెక్కుతుంది, దానికి గాలి కావాలి, అందుకని తడికల మధ్య సందు పెంచుతూ పోతారు. ఆ స్టాండును వాళ్ల నాయన దగ్గరుండి చేయించాడట.

"ఇది పురుగుల కొట్టం కాదక్కా, ప్రెస్సు," అన్నాను.

"తెలుసు సామీ. కాగితాలైతే మేత అడగవు గదా," అంది, గుంజలు నిలబెడుతూనే.

నవ్వు ఆపుకుని మొహం తిప్పుకున్నాను. సాయంత్రానికి స్టాండు లేచింది, తాళ్లు దిగాయి. మర్నాడు పొద్దున చూస్తే స్టాండు కాళ్ల కింద నాలుగు కొబ్బరి చిప్పలు, చిప్పల్లో నీళ్లు. చీమలు ఎక్కి పురుగుల్ని తినకుండా ఊళ్లో అలా పెడతారు. పెళ్లికార్డులను ఏ చీమ తింటుందని ఒక అరుపు అరిచి, ఆ విసురులో ఒక చిప్పను కాలితో తన్నాను. నీళ్లు పోయి నా కొత్త కాగితాల కట్టే తడిసింది. "అలవాటు సామీ," అని ఆమె చిప్పలు తీసేసింది. ఆ వారంలోనే కవర్లకు రాసిన మైదాపిండి గమ్ముకు చీమలు బారులు తీరాయి. చిప్పలు మళ్లీ ఎప్పుడు వచ్చి చేరాయో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంకో సంగతి ఉంది. కాగితం ఆరిందో లేదో అందరం వేలితో ముట్టి చూస్తాం. ఆమె వేలు పెట్టదు. అరచేతి వెనక భాగాన్ని ఇంకుకు తగలీ తగలనట్టు దగ్గరకు తెచ్చి, అనుమానముంటే చెంప దగ్గర పెట్టుకుని, "ఇంకా సల్లగా ఉండాది," అంటుంది. చల్లగా ఉందంటే లోపల తడి పోతూనే ఉందని లెక్క. పైన ఎంత ఆరినట్టు కనబడినా సరే. పదకొండేళ్లలో ఆమె ఆరిందన్న కార్డు అంటుకోగా నేను చూడలేదు.

ఇంత తెలిసీ పోయిన ఏడాది దసరా ముందు బెంగళూరు నుంచి ఇనప ర్యాకు తెప్పించాను. యాభై అరలు, చక్రాలు, స్ప్రింగులు. అర దానంతటదే పైకి లేస్తుంది, కాగితం పెట్టి దించుకోవచ్చు. టేబుల్ పక్కనే నిలబెట్టుకుంటే బద్ద లాగినవాడే కాగితం సర్దుకుంటాడు, మోసేందుకు వేరే మనిషి అక్కర్లేదు. అమ్మినవాడు ఈ మాటే నాలుగుసార్లు చెప్పాడు. కవర్లు కూడా ఈమధ్య అంటించినవే వస్తున్నాయి. మునిలక్ష్మక్కతో చెప్పాను, నవంబరు ఆఖరుదాకా వచ్చి ఆ తర్వాత మానేయమని. ఏదో కాగితం చూస్తున్నట్టు నటిస్తూ చెప్పాను.

ఆమె చేతిలోని కవరు అంటించి కట్టలో పెట్టింది. యాభై నాలుగేళ్ల మనిషి, ఇంకో చోట కొత్తగా చేరాలంటే ఎవరు పిలుస్తారు? అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"అట్లనే సామీ. ఆ స్టాండు మాత్రం మా నాయన చేయించింది. పొయ్యేటప్పుడు తీసకపోతా," అంది.

నవంబరులో ముసురు పట్టింది. సరిగ్గా అప్పుడే అమల టీచరు వచ్చింది. ఊరి చివర చూపులేని పిల్లల బడిలో సాంఘికం చెబుతుంది. ఆమెకూ చూపు లేదు. చేతికర్రతో గడప చూసుకుని లోపలికి వచ్చి, తాను చెప్పాల్సింది నిలబడే చెప్పింది. పిల్లలకు దేశపటాలు కావాలి. నదులు, కొండలు, ఊర్లు వేలికి తగిలేలా ఎత్తుగా ఉండాలి. మన జిల్లా పటంతో కలిపి ఐదు రకాలు, అరవై మంది పిల్లలు, మొత్తం మూడు వందలు. దళసరి కాగితం తానే చెన్నై నుంచి తెప్పించింది, మూడు వందల మీద అరవై ఎక్కువే ఉంది, పోతే మళ్లీ దొరకదు.

"పరీక్షలో మ్యాపు ప్రశ్న వస్తే మా పిల్లోళ్లను వదిలేయమంటారండీ. నేను వదిలేదాన్ని కాదు. డిసెంబరు మొదటి వారంలో పరీక్ష ఉండాది," అంది.

గట్టి ఇంకు తెచ్చాను. మందంగా దిగి, ఆరాక ఉబ్బెత్తుగా నిలబడుతుంది. మొదటి పటం లాగి కొత్త ర్యాకులో పెట్టబోతుంటే మునిలక్ష్మక్క చూసింది. "సామీ, ఈ కాగితం లేస్తాది. సందు చాలదేమో." బెంగళూరు ర్యాకుకు నీ సర్టిఫికెట్టు అక్కర్లేదన్నాను. ఆమె కవర్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

అరకు రెండేసి చొప్పున అరవై లాగి పెట్టి, తాళం వేసి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి ర్యాకు చూశాను. ఇంకులో తడి పీల్చుకుని కాగితాల అంచులు పైకి లేచి, పై అర కమ్మీలకు తగిలి అతుక్కున్నాయి. అరకూ అరకూ మధ్య అంగుళం సందు, పెంచడానికి లేదు, తగ్గించడానికి లేదు. పీకితే నదులు కమ్మీలకు వచ్చాయి, కొండలు చితికాయి. ఎనిమిదే మిగిలాయి. యాభై రెండు పోయాయంటే ఇక ఎక్కువున్నది ఎనిమిది కాగితాలు మాత్రమే. వాననూ, ఇంకునూ, బెంగళూరువాణ్ణీ తిట్టాను. అక్కడితో ఆగక, "చూస్తా కూర్చున్నావు గదా," అని ఆమెనూ తిట్టాను. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఆమె పాడైన పటం ఒకటి తీసుకుని చెంప దగ్గర పెట్టుకుంది. "ఇంగా సల్లగానే ఉండాది. ఒక పూట కాదు, రెండు పూట్లు పడ్తాది దీనికి," అంది. తర్వాత తన స్టాండు దగ్గరికి వెళ్లి మేకులు పీకడం మొదలుపెట్టింది. తడికల మధ్య ఆరు వేళ్ల సందు వదిలింది.

"లాగండి సామీ. ఈ తూరి నేను మోస్తా."

మూడు రోజులు లాగాను. ఆమె మోసింది. తడి పటాన్ని రెండు అరచేతుల మీద నీళ్లు తొణకని నడకతో తీసుకెళ్లి తడిక మీద పడుకోబెట్టేది. గంట గంటకూ చేయి వెనక భాగంతో అన్నిటినీ చూసి వచ్చేది. లేచిన అంచులు కాగితం ఆరేకొద్దీ మెల్లగా దిగుతాయి. ఒక తడికలో పటాలు దిగాయని తెలియగానే మేకులు ఒక బెజ్జం కిందికి మార్చి, పైన మిగిలిన చోటులో కొత్త తడిక ఎక్కించేది. అలా పొద్దున పది తడికలు పట్టిన స్టాండు మాపటికి ఇరవై పట్టింది.

"పురుగు పెరిగేకొద్దీ సందు పెంచుతాము. ఈడ ఆరేకొద్దీ తగ్గించాల. అంతే గదా సామీ తేడా," అంది, అన్నం గిన్నె తెరుస్తూ.

అంతే తేడా. ఆ తేడా కనిపెట్టే బుర్ర యాభై అరల ర్యాకుకూ లేదు, దాన్ని కొన్నవాడికీ లేదు.

మూడు వందల పటాలూ నిలిచాయి. ఎనిమిది కాగితాలు తెల్లగా మిగిలాయి. అమల టీచరు వచ్చి బెంచీ మీద కూర్చుని ప్రతి పటాన్నీ రెండు చేతుల వేళ్లతో తడిమి చూసింది. గంటన్నర పట్టింది. నేను పరీక్ష రాసిన పిల్లవాడిలా నిలబడ్డాను. ఆఖరుది పక్కన పెట్టి, "ఒక్క చుక్క కూడా నలగలేదే. ఎవరు ఆరబెట్టినారు?" అని అడిగింది.

"నేనేనమ్మా," అంది మునిలక్ష్మక్క.

"మీదే ఊరు?"

"పలమనేరు పక్కన."

టీచరు ఆమె చేయి అందుకుని, కళ్లు మూసుకోమని, చూపుడు వేలిని జిల్లా పటం మీద నడిపించింది. "ఇది చిత్తూరు. ఈడ గరుకుగా తగిలేది మొగిలి ఘాటు, కొండదోవ. ఇదో, ఈ చుక్క మీ పలమనేరు." మునిలక్ష్మక్క కళ్లు మూసుకునే ఆ చుక్క మీద వేలు ఉంచి చాలాసేపు కూర్చుంది. "ఇంత దగ్గరామ్మా? ఘాటు ఎక్కేదానికి బస్సు ఎంతసేపు మూలుగుతాదో," అంది. ముగ్గురం నవ్వాం.

ఉండిపొమ్మని ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. అరవడానికి తెరుచుకునే నోరు ఇలాంటి మాటకు తెరుచుకోదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే నెలాఖరు వచ్చింది. ఆమె కూడా ఒక్క మాట అడగలేదు. ఇచ్చిన మాట ప్రకారం చివరి రోజు కవర్లన్నీ కట్టలు కట్టి, చిప్పల్లో నీళ్లు పారబోసి, చీపురుతో మూల ఊడ్చింది. నాలుగు గంటలకు రామచంద్ర ఆటో సందులో ఆగింది. ఆమె గుడ్డసంచి తెచ్చుకుని పై తడికలు రెండు దించి, మేకులు ఒక్కొక్కటే పీకి సంచిలో వేసుకోసాగింది.

ఏం చేస్తున్నానో పూర్తిగా ఆలోచించకుండానే పటం స్క్రీను బిగించాను. గట్టి ఇంకు మూత తీశాను. మిగిలిన ఎనిమిదిలో ఒక దళసరి కాగితం వేసి బద్ద లాగాను. ఆ తడి పటాన్ని, ఆమె మోసినట్టే రెండు అరచేతుల మీద మోసుకొచ్చి, ఇంకా విప్పని తడిక ఒకదాని మీద పడుకోబెట్టాను.

"ఇదేంది సామీ?"

"పటం," అన్నాను. "ఆరేదాకా స్టాండు కదిలించేదానికి లేదు."

ఆమె నా మొహం చూసింది. అన్నేళ్లలో నా తిట్లన్నిటికీ చూడనంతసేపు చూసింది. వాకిట్లోంచి రామచంద్ర హారన్ కొట్టాడు. ఆమె వంగి, అరచేతి వెనక భాగాన్ని పటం మీదికి తెచ్చి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత సంచిలోంచి నాలుగు మేకులు తీసి నా చేతిలో పెట్టింది.

"సందు చాలదు సామీ. పై తడికను మూడు బెజ్జాలు ఎత్తండి."

ఎత్తాను. నా షాపులో నాకు పని చెప్పినవాళ్లు అంతకుముందు లేరు. మేకులు సరిగ్గా దిగాయో లేదో ఆమె ఒక్కొక్కటీ నొక్కి చూసి, కొబ్బరి చిప్పలు తీసుకుని నీళ్ల కుండ వైపు నడుస్తూ వాకిట్లోకి కేకేసింది.

"నువ్వు పోరా రామచంద్రా. ఇది ఇప్పుట్లో ఆరేది కాదు."