చీటీ లేని పలకరింపు

దయ్యాల ముచ్చట మొదలైతే నేను లేచి టీ పెట్టుకోవడానికి పోతాను. మా అమ్మ చెప్పినవే నమ్మలేదు, ఇక ఊళ్లోవాళ్లవి ఎక్కడ నమ్ముతాను? మొయినాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని వెబ్‌సైట్లు తయారు చేస్తుంటాను. కంప్యూటర్ చెప్పిన పనే చేస్తుంది, చెప్పనిది చేయదు. ఆ నమ్మకం మీదే నా బతుకు నడుస్తోంది.

చేవెళ్ల చుట్టుపక్కల పూల రైతుల కోసం ఒక చిన్న సైటు చేశాను. పొద్దున్నే తెరిస్తే గుడిమల్కాపూర్ మార్కెట్‌లో గులాబీ ధర, బంతి ధర కనబడతాయి. తెరవగానే అది చేసే మొదటి పని కుకీని చదవడం. కుకీ అంటే తినేది కాదు, సైటు మన ఫోన్‌లో దాచుకునే చిన్న చీటీ. అందులో పేరుంటే ఆ పేరుతో నమస్తే చెబుతుంది. లేకపోతే ‘మీ పేరు?’ అని అడుగుతుంది. ఊరివాళ్ల పేర్లు నాకెందుకని, ఆ చీటీలో తప్ప ఇంకెక్కడా దాచలేదు.

ఆలూరులో గులాబీ తోట చూసుకునే లక్ష్మమ్మ ఫోన్‌లో ఆ సైటు నేనే పెట్టి ఇచ్చాను. తోట భర్త పేరున ఉంది కాబట్టి ఆయన పేరు అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి పేరు నోటితో పలకదు కదా.

“సుజాత బాపు అని రాయి బిడ్డా. నేను గట్లనే పిలుస్త,” అంది.

సుజాత వాళ్ల కూతురు. ఊరంతా ఆయన్ని మల్లన్న అంటారు. సుజాత బాపు అని పిలిచేది లక్ష్మమ్మ ఒక్కతే. నేను అలాగే రాశాను.

నిరుడు లక్ష్మమ్మ తోటలోనే గుండెపోటుతో పోయింది. చేతిలోని ఫోన్ నీళ్ల తొట్టిలో పడి, అదీ పోయింది. ఆ తర్వాత మల్లన్న తోటవైపు వెళ్లలేదు. గులాబీలు కోసే దిక్కులేక చెట్ల మీదే రాలిపోయాయి. చివరికి చెట్లన్నీ పీకించడానికి ట్రాక్టర్ మాట్లాడుకున్నాడు. అవి ఆమె తన చేత్తో నాటిన చెట్లు.

సుజాత నాకు ఫోన్ చేసింది. “అక్కా, జర ఒక్కసారి రా. రేపే ట్రాక్టర్ వస్తున్నది. చెట్లు పోతే బాపు ఇంక మనిషి గాడు,” అంది. ఆయనకని కొత్త ఫోన్ కొన్నది. పూల ధర చూస్తేనన్నా మనసు మార్చుకుంటాడేమోనని ఆమె ఆశ.

మధ్యాహ్నం బస్సుకు వెళ్లాను. ఫోన్ డబ్బా సీలు నేనే చింపాను. సిమ్ కొత్తది, అకౌంటు కొత్తది. సైటు అడ్రస్ కొట్టి మల్లన్న చేతికిచ్చాను. పేరు అడుగుతుంది, చెబితే రాస్తానన్నాను.

అడగలేదు. ‘నమస్తే, సుజాత బాపు’ అని వచ్చింది.

మల్లన్న దాన్ని చాలాసేపు చూశాడు. కింద ఉన్న ధరల జోలికి పోలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, “ట్రాక్టరాయనకు వద్దని చెప్పు బిడ్డా,” అన్నాడు సుజాతతో. చెప్పులేసుకుని తోటవైపు నడిచాడు. సుజాత ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. భయం మాత్రం గదికి చేరాకే వేసింది.

సర్వర్ రికార్డులన్నీ తిరగేశాను. ఆ ఫోన్ నుంచి కుకీ ఏదీ రాలేదనే ఉంది. కోడు తెలిసిన స్నేహితులకు చూపించాను. ఎక్కడో పొరపాటు ఉంటుందని నవ్వుతూ కూర్చున్నారు. వెతికి వెతికి, నన్ను కొన్నాళ్లు సెలవు తీసుకోమన్నారు. 

మర్నాటి నుంచి సైటు మామూలుగానే ‘మీ పేరు?’ అని అడుగుతోంది. మల్లన్న పూలు బండికెక్కించే ముందు రోజూ తెరుస్తాడు. కాసేపు చూస్తాడు. పేరు మాత్రం రాయడు. మొన్న వెళ్లినప్పుడు నేను ఆగలేకపోయాను. సుజాత బాపు అని నేను రాసి పెడతాను, ఇక రోజూ అట్లే పలకరిస్తుంది అన్నాను.

“వద్దు బిడ్డా,” అన్నాడు. “నువ్వు రాస్తే నువ్వు పిలిచినట్టయితది.”