బెర్నార్దా ముప్పై పెట్టలు

"మొగుడికి జ్వరమొస్తే పట్టించుకోనిదానివి, కోళ్ళ కళ్ళల్లో మందు చుక్కలు వేస్తానంటావేంటే?"

ఆదివారం పూజ అయ్యాక, చర్చి మెట్ల దగ్గర పదిమంది వింటుండగా క్రిస్పిన్ తెకూ అడిగిన మాట ఇది. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. మా పాశోక్ పల్లెలో మొక్కజొన్న ఎప్పుడు నాటాలో, చెట్టు ఎప్పుడు కొట్టాలో, పందిపిల్లకు ఎప్పుడు విత్తులు తీయాలో చంద్రుణ్ణి చూసి చెప్పేది ఆయనే. అడిగించుకున్నది బెర్నార్దా షితుముల్. ఆమె తలమీది బుట్ట కిందికి దించింది.

"పట్టించుకున్నా మామా. రబినాల్ పట్నానికి మోసుకెళ్ళి సూది వేయించా. రెండు రోజులు ఆలస్యమైంది. అందుకే కోళ్ళకి ముందే వేస్తున్నా."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. జవాబు పదునుగా ఉందని మెచ్చుకున్నారు కూడా. మందు వేయించడానికి మాత్రం ఎవరూ కోళ్ళు తేలేదు. మా అమ్మ కూడా తేలేదు.

బెర్నార్దాకు యాభై నాలుగేళ్ళు. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. కొండవాలులో కాస్త మొక్కజొన్న చేను, పెరట్లో పుల్లటి పళ్ళు కాసే రెండు హొకోటే చెట్లు, ఒక కోళ్ళగూడు. చేను కడుపు నింపుతుంది, గూడు మిగతావన్నీ కొంటుంది: ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె, బస్సు టికెట్టు. ఊళ్ళో అందరికీ కోళ్ళున్నాయి. కానీ అందరి కోళ్ళూ ఏడాదికోసారి, ఉత్తరపు చలిగాలులు మొదలవగానే, మెడలు తిప్పుకుని, ఆకుపచ్చగా రెట్ట వేసి చస్తాయి. కొక్కెర తెగులు. దానికి మావాళ్ళు పెట్టుకున్న పేర్లు చాలా ఉన్నాయి, చేసిన పని మాత్రం లేదు. నీళ్ళలో నిమ్మకాయ పిండుతారు, గూటి గుమ్మానికి ఉల్లిపాయ కడతారు, తర్వాత చచ్చినవాటిని వాగులో పారేస్తారు. కుక్కలు వాటి కాళ్ళను మళ్ళీ ఊళ్ళోకి తెస్తాయి.

పల్లె ఆడవాళ్ళ ఓపికనూ, పాతకాలపు జ్ఞానాన్నీ పొగుడుతూ రాసేవాళ్ళంటే నాకు చిరాకు. బెర్నార్దాకు ఓపిక లేదు. ఆమె చేసే పనుల్లో సగం పాతకాలానికి విరుద్ధం. కొన్నేళ్ళ కిందట పట్నం నుంచి ఒక ప్రాజెక్టు వచ్చి ఆడవాళ్ళందరికీ కోళ్ళ పెంపకం నేర్పింది. నమూనా గూడని రేకుల షెడ్డు కట్టింది. మధ్యాహ్నం అందులో కోడే కాదు, దయ్యం కూడా నిలవలేదు. ఇప్పుడు అందులో చర్చి కుర్చీలుంటున్నాయి. ఆ వారం రోజుల పాఠాల్లో బెర్నార్దా పనికొచ్చే మాటలు ఏరుకుని, మిగిలినవి వదిలేసింది.

ఏరుకున్నవి ఇవి. గూడు నేల మీద ఉండకూడదు, మోకాలెత్తున ఉండాలి. కింద బూడిద చల్లితే పేలు చేరవు. పడుకోవడానికి బొటనవేలంత లావు కర్రలు, అన్నీ ఒకే ఎత్తులో, లేకపోతే పైదాని కోసం కొట్టుకుంటాయి. పది పెట్టలకు ఒక పుంజు చాలు, రెండోది తిండి దండగ. గుడ్డు పెంకుల్ని పెనం మీద వేయించి, నలిపి మేతలో కలపాలి. నలపకుండా వేస్తే కోడి తన గుడ్డే తినడం నేర్చుకుంటుంది. పిల్లలు మూడు వారాలు గంప కిందే. నీళ్ళ చిప్ప రోజూ కడగాలి. కొత్త కోడి ఎవరిచ్చినా, కన్నతల్లే ఇచ్చినా సరే, రెండు వారాలు వేరుగా ఉంచి, దానికి చివర్న మేత వేసి, చేతులు కడుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం నాలుగు నెలలకోసారి కంట్లో ఒక చుక్క. జబ్బు రాకముందే వేయాలి. వచ్చాక వేస్తే చుక్కా దండగ, కోడీ దండగ.

ఆ చుక్కతోనే చిక్కు. మందు సీసాలో వంద కోళ్ళకు సరిపడా ఉంటుంది. అంతకన్నా చిన్నది అమ్మరు. రబినాల్ నుంచి ఐసుముక్కల మధ్య పెట్టి తేవాలి, కలిపిన రెండు గంటల్లో అయిపోవాలి. ఒకరి పెరట్లో వంద కోళ్ళుండవు. అంటే ఊరు ఒక్కపొద్దున కలిసిరావాలి. మా ఊరు కలిసొచ్చేది శవం లేచినప్పుడూ, పునీతుడి పండగప్పుడూ మాత్రమే.

పోయిన ఏడాది పునీత పౌలు బెర్నార్దా ఇంటికి వచ్చాడు. బొమ్మ ఏడాదిపాటు ఎవరింట్లో ఉంటే ఆ ఇల్లు జనవరి ఇరవై ఐదున ఊరంతటికీ పినోల్ పెట్టాలి. వేయించిన మొక్కజొన్న పిండితో చిక్కగా కాచే కోడి పులుసు అది. దానికి ముప్పై పెట్టలు కావాలి. పుంజు మాంసం ఆ కుండలో పడకూడదన్నది క్రిస్పిన్ తాతలనాటి నియమం. విధవ పేరున వంతు రాయరు కాబట్టి తమ్ముడు బల్బీనో పేరున రాశారు. పేరు బల్బీనోది, పొయ్యి బెర్నార్దాది.

ఆమె లెక్క ఆమె వేసుకుంది. గూట్లో ముప్పై రెండు పెట్టలు, రెండు పుంజులు. పద్దెనిమిది పెట్టలు తన వంతుగా కుండలోకి. పన్నెండిళ్ళవాళ్ళు తలా ఒకటి ఇస్తామని పునీతుడి ముందు మాటిచ్చారు. అలా అయితే పండగ దాటాక పద్నాలుగు పెట్టలు మిగులుతాయి. రోజుకు ఎనిమిది తొమ్మిది గుడ్లు. "పండగ పోయినా గూడు నిలవాలి. అంతకుమించి పునీతుణ్ణి నేనేం అడగలేదు," అని నాతో అంది.

నవంబరు చివర్లో సొంత డబ్బుతో సీసా తెచ్చింది. తెల్లారకముందే గూట్లో ఉన్నవాటిని ఉన్నట్టే పట్టుకుని ముప్పై నాలుగింటికీ చుక్కలు వేసింది. మిగిలిన మందు పట్టుకుని తియోడోరా సిస్ ఇంటికి పరుగెత్తింది. తియోడోరా బెర్నార్దా కూతురికి జ్ఞానతల్లి. ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు.

"రా వదినా, కోళ్ళని పట్టు. గంటన్నరే ఉంది."

"ఇవాళా? చంద్రుడు ఇంకా లేతగా ఉన్నాడు వదినా. లేత చంద్రుడప్పుడు ఒంట్లో రక్తం పల్చగా ఉంటుందట. మందు వేస్తే కళ్ళు పోతాయని క్రిస్పిన్ మామ అన్నాడు. పున్నమి కానీ."

"పున్నమి దాకా ఈ సీసా ఉండదు!"

"మూత గట్టిగా పెట్టు."

"మూత పెడితే ఉండేదైతే నిన్ను బతిమాలతానా? జబ్బు చంద్రుణ్ణి చూసి వస్తుందా వదినా?"

"కోప్పడకు. నా కోళ్ళు గట్టివి. పోయినేడు పన్నెండే చచ్చాయి."

"నీకున్నవే పదమూడు!"

"అదే అంటున్నా. ఒకటి బతికిందిగా."

బెర్నార్దా ఇంకో ఐదు గుమ్మాలు తొక్కింది. ఒకచోట మొగుడు చేలోంచి రావాలన్నారు. ఇంకోచోట కోళ్ళు చెట్లెక్కాయన్నారు. ఎండ ఎక్కింది. అరవై ఆరు కోళ్ళ మందును తన పెరటి గుంటలో పోసి మన్ను కప్పింది. 

డిసెంబరు రెండో వారంలో మూడిళ్ళవాళ్ళు మాటిచ్చిన పెట్టల్ని ముందుగానే తెచ్చారు. కాళ్ళు కట్టి, మెడలో కాగితం పువ్వులు వేసి, పునీతుడి బొమ్మ ముందు పెట్టారు. అందులో క్రిస్పిన్ ఇంటి పెట్ట ఒకటి. తోక వేలాడేసుకుని, కళ్ళు సగం మూసుకుని ఉంది. మా ఊళ్ళో ఇదొక అలవాటు, ఎవరూ ఒప్పుకోరు గానీ: ఎలాగూ పోయేలా ఉన్న కోడే ముందు పునీతుడికి గుర్తొస్తుంది. పునీతుడు తిరిగివ్వడు కదా.

బెర్నార్దా మూడింటినీ పెరటి చివర, హొకోటే చెట్టు కింద గంపల్లో మూసింది. మర్నాటికి ఊరంతా తెలిసింది.

"పునీతుడికిచ్చిన కోడిని జైల్లో పెట్టావంట?" అంది తియోడోరా.

"రెండు వారాలే. మంచిగా ఉంటే విడుదల."

"నీకంటే రబినాల్ జడ్జీ నయం. ఆయన లంచం తీసుకుని ముందే వదిలేస్తాడు."

ఐదో రోజున బెర్నార్దా గుడ్లమ్మడానికి రబినాల్ వెళ్ళింది. ఆ పూట పండగ పెద్దలు బొమ్మను చూడడానికి వచ్చారు. పునీతుడి కోళ్ళు గంపల కింద బందీలుగా ఉంటే బల్బీనోకు తల కొట్టేసినట్టయింది. తన చేతుల్తో తనే గంపలెత్తి, మూడింటినీ మిగతావాటిలో వదిలాడు. సాయంత్రం బెర్నార్దా వచ్చేసరికి క్రిస్పిన్ పెట్ట ఆమె కోళ్ళ నీళ్ళ చిప్పలో ముక్కు పెట్టి తాగుతోంది.

"ఎవరు వదిలారు?"

"పెద్దలొచ్చారక్కా. నలుగురి ముందు మర్యాదగా ఉండదని..."

"మర్యాదా? మెడ తిరిగి చచ్చాక మర్యాదగా ఉంటుందా?"

"పునీతుడి సొత్తుకి జబ్బు అంటదక్కా."

"అయితే వాటిని నీ ఇంటికి తీసుకుపో. నీ మంచం కింద పెట్టుకో."

తీసుకుపోలేదు. మూడు రోజుల్లో ఆ మూడూ చచ్చాయి. బెర్నార్దా లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చింది. ఆమె సొంత పెట్టలు రెండు పోయాయి. చుక్క వేసినా వందకు వంద బతుకుతాయని ఎవరూ రాసివ్వలేదు. మిగతా ముప్పై నిలబడ్డాయి. ఊళ్ళో మాత్రం క్రిస్మస్ లోపల గూళ్ళు ఖాళీ అయ్యాయి. తియోడోరా తూలుతున్న నాలుగింటిని ఆదివారం సంతలో తక్కువకే అమ్మేసింది. వాటితోపాటు జబ్బునూ కింది ఊళ్ళకు పంపిందని బెర్నార్దా అంటే నెలరోజులు మాటల్లేవు.

జనవరి ఎనిమిదిన పెద్దలు మళ్ళీ వచ్చారు. ఈసారి ముందు కూర్చున్నది క్రిస్పిన్.

"ముప్పై కావాలి కుండకి. ఊళ్ళో పెట్ట అన్నది లేదు. నీ గూట్లో ముప్పై ఉన్నాయి. ఎవరు లెక్కపెట్టారో చూడమ్మా! పునీతుడే కాపాడుకున్నాడు తన కోళ్ళని."

"పునీతుడు కాదు మామా. చుక్క. నవంబరులో నువ్వు వద్దన్న చుక్క."

"చుక్క వేసే చెయ్యి ఎవరిచ్చారు?"

"ఆ చెయ్యి ఎవరిచ్చినా, ఊరంతా తిరిగి తలుపులు కొట్టింది. ఎవరూ తియ్యలేదు. నా పద్దెనిమిదీ తీసుకోండి. మిగిలిన పన్నెండూ పట్నంలో కొనండి. ఫారం కోళ్ళు దొరుకుతాయి."

పెద్దలు మొహాలు చూసుకున్నారు. ఫారం కోడితో పినోల్ చేస్తే పునీతుడు వానాకాలమంతా వాన ఆపేస్తాడన్నట్టు చూశారు. బల్బీనో ముందుకొచ్చాడు. వంతు కాగితం మీద ఉన్నది తన పేరు.

"ఇస్తాం మామా. పన్నెండిళ్ళూ తలా వంద కెట్సాళ్ళు అక్కకి కట్టేలా మీరు మాటివ్వండి."

"మాటే మాట," అన్నాడు క్రిస్పిన్, టోపీ తీసి.

బెర్నార్దా ఒప్పుకోలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అంతే. తమ్ముడితో రెండు వారాలు పోట్లాడింది. "నా గూడు నువ్వు రాసిచ్చేశావు" అంది. "ఊళ్ళో తలెత్తుకుని తిరగాలి కదక్కా" అన్నాడు బల్బీనో. "నువ్వు తలెత్తుకో. నేను గుడ్లెత్తుకునేదాన్ని," అంది. చివరికి ఇరవై నాలుగో తేదీ పొద్దున్నే ఆడవాళ్ళు కత్తులతో, గంగాళాలతో పెరట్లోకి వచ్చేశారు. వచ్చినవాళ్ళను వెళ్ళగొట్టడం ఆమెకు చేతకాలేదు. ముప్పై పెట్టల్నీ ఆమే స్వయంగా పట్టిచ్చింది, వేరేవాళ్ళు తరిమితే బెదిరి కాళ్ళు విరుగుతాయని. వాటిలో ఐదు పొదుగుడుకు కూర్చున్నవి. వాటి కింద గుడ్లు చల్లబడ్డాయి.

పినోల్ చాలా బాగుందని అందరూ అన్నారు. నేనూ రెండు చిప్పలు తాగాను. ఇన్నేళ్ళలో ఇంత చిక్కటి పులుసు తాగలేదని తియోడోరా అంటే బెర్నార్దా గరిటె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నెలనుంచి మాటల్లేని ఆ ఇద్దరి మధ్య ఆ రోజు మాట కలిసింది అదొక్కటే.

ఇప్పుడు గూట్లో రెండు పుంజులున్నాయి. పొద్దున్నే పోటీపడి కూస్తాయి. ఫిబ్రవరిలో బెర్నార్దా ఇల్లిల్లూ తిరిగి డబ్బడిగింది. కోడిపిల్లలు కొనుక్కుని, మళ్ళీ సీసా తెచ్చి మొదటినుంచి మొదలుపెట్టాలని. నలుగురు కట్టారు, ముందుగా కట్టింది తియోడోరా, మొహం చూడకుండా. కోళ్ళు ముందే తెచ్చిచ్చిన మూడిళ్ళవాళ్ళు తమ బాకీ తీరిపోయిందన్నారు. "నీ ఇంట్లో చస్తే మాదా తప్పు?" అన్నాడు క్రిస్పిన్. మిగతావాళ్ళు కాఫీ కోతలయ్యాక అన్నారు.

కాఫీ కోతలు అయిపోయాయి. మే నెలాఖరుకు ఎనిమిదిళ్ళ నుంచి బెర్నార్దాకు ఎనిమిది వందల కెట్సాళ్ళు రావాలి.