పెద్దబాపు పడవెక్కిన పొద్దు

మా పెద్దబాపుకి అడవిలో నీళ్లకు తప్ప దేనికీ భయం లేదు. లక్నవరం చెరువుకు పోయిన ప్రతిసారీ కాలిబాటలో అందరికన్నా ముందు ఆయనే. పొదలో చప్పుడైతే మేము ఆగిపోతాం, ఆయన పోయి తొంగి చూస్తాడు. తీరా చెరువు కనపడగానే ఏదో ఒక సాకు. తిన్న వెంటనే పడవ ఎక్కొద్దంటాడు, ఎండంటాడు, నడుం నొప్పంటాడు. ఈత రాదన్న మాట మాత్రం చచ్చినా అనడు.

పెద్దమ్మకేమో ఆయన పక్కన కూర్చుని ఆ చెరువంతా ఒక్కసారి తిరగాలని పెళ్లయిన కొత్త నుంచీ ఆశ. మాతో రమ్మంటే రాదు. "మీతోని ఎక్కుడేంది? ఎక్కితే ఆయనతోనే ఎక్కుత" అని ఒడ్డునే కూర్చుంటుంది. ఆమె మోకాళ్లు అరిగిపోతున్నాయి. ఈ ఏడు కాకపోతే ఆ బాట ఇక నడవలేదేమోనని నాకు బెంగ పట్టుకుంది. పెద్దబాపు బతిమాలితే వినే రకం కాదు. అందుకే ఆయన దుకాణం తెలివినే ఆయన మీద వాడాను.

పెద్దబాపుది వరంగల్‌లో బట్టల దుకాణం. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీ ఊరికే చూసి పోతానంటే ఆయనకు ప్రాణం పోయినంత పనవుతుంది. "బోణి గిరాకీవి, ఉత్త చేతులతోని పోకు బిడ్డా" అని కనీసం ఒక కర్చీఫ్ అయినా అంటగడతాడు. బోణి చెడగొట్టిన మనిషిని ఏళ్ల తరబడి తిట్టుకుంటాడు.

పోయిన చలికాలం ఇంటిల్లిపాదినీ పెందరాళే లేపి జీపెక్కించాను. జీపు దిగి కాలిబాట నడిచి, పడవల దగ్గరికి అందరికంటే ముందు చేరింది మేమే.

"పెద్దబాపూ, పడవకు ఎంతనో జర అడిగి రా. నువ్వైతేనే తగ్గిస్తరు" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

బేరమన్న మాట వినపడితే ఆయన ఆగుతాడా! ఛాతీ విరుచుకుని పోయాడు. ధర అడిగాడు, పెదవి విరిచాడు, వెనక్కి తిరిగాడు.

"సార్, బోణి మీదే" అన్నాడు పడవ నడిపే ఆయన. "అడిగి వాపస్ పోతె ఎట్ల? ఇయ్యాల నా గిరాకంత ఖరాబైతది."

పెద్దబాపు అక్కడే బిగుసుకుపోయాడు. నా వైపు చూసి పళ్లు కొరికాడు. "అందుకేనా పొద్దుగాల్నే గుంజుకొచ్చినవు?" అన్నాడు. నేను లైఫ్ జాకెట్ తెచ్చి ఆయనకు తొడిగాను. పెద్దమ్మ అప్పటికే కొంగు చెక్కుకుని పడవలో కూర్చుంది.

పడవ కదిలింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, పెద్దమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. మేము ఒడ్డున పగలబడి నవ్వాం. నలుగురి ముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వుతూనే నాకు కళ్లు చెమర్చాయి.

దిగీ దిగగానే నా చెవి మెలిపెట్టడానికి వచ్చాడు. నేను పెద్దమ్మ వెనక దాక్కున్నాను.

"ఎట్లుంది పెద్దమ్మా చెరువు?" అని అడిగాను.

"ఏమో బిడ్డా, నేనేడ చూసిన?" అంది పెద్దమ్మ సిగ్గుపడుతూ. "పోయి వచ్చేదాక ఆయన మొఖమే చూసుకుంట కూసున్న."