పాస్టరమ్మ పడగొట్టించిన గోడ

గగన్‌పహాడ్‌లో మా గల్లీ చివర ఒక చిన్న చర్చి ఉండేది. అక్కడి పాస్టరమ్మ ప్రతి ఆదివారం దేశం కోసం ప్రార్థన చేయించేది. ఆ తర్వాత, "మోరీల చెత్త వేసుకుంట దేశం బాగుపడాలంటే దేవుడు గూడ ఏం జేస్తడు? మొదలు మనది మనం చూసుకుందాం," అనేది. మేము చర్చికి పోకపోయినా ఆ మాట మైకులో మా ఇంటిదాకా వినిపించేది.

ఒక వానాకాలం పొద్దున మురుగు మోరీ పొంగి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. నడవలేని మా అమ్మ మంచం కోళ్లు మునిగాయి. గల్లీ అంతా మున్సిపాలిటీ వాళ్లను తిడుతుంటే, పాస్టరమ్మ మోకాలి లోతు నీళ్లలో నడిచి చర్చి ప్రహరీ దగ్గర ఆగింది. చెరువు వైపు నీళ్లు పోయే పాత కాలువకు ఆ గోడే అడ్డం.

"ఈ గోడ పడగొట్టుండ్రి," అంది.

"ఎంత కష్టపడి కట్టుకున్నమమ్మా!" అన్నాడు చర్చి సంఘ పెద్ద.

"దేశం కోసం ప్రార్థన చేస్తం గద పెద్దయ్యా. గీ గల్లీ దేశం గాదా?"

ఆయన తానే వెళ్లి గడ్డపార తెచ్చాడు. మేమూ చేయి వేశాం. గోడ ఒరగగానే నీళ్లు అటు పరుగెత్తాయి. మధ్యాహ్నానికి మా ఇంట్లో నేల కనిపించింది.

ఇల్లిల్లూ చూసుకుంటూ వచ్చిన పాస్టరమ్మ మా గడప మీద కూలబడింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి, తడిసిన కొంగు పిండుకుంటూ, "బిడ్డా, జర చాయ్ పెడ్తవా? వణుకు పుడుతున్నది," అంది.

"అల్లం జర ఎక్కువెయ్యి," అంది మంచం మీద నుంచి అమ్మ.