నాలుగో స్కోప్

హల్దిస్ రైఫిల్ మీది స్కోప్, గురి చూసే దుర్భిణి గొట్టం, మళ్లీ పాడైంది. ఇది మూడోది.

మొదటిది లోపల ఆవిరి పట్టి మసకబారింది. రెండోదాంట్లో గురి గీతలు ఒక ఉదయం పక్కకు ఒరిగి కనిపించాయి. మూడోది చూడడానికి బాగానే ఉంది. గాజు తేటగా ఉంది, గీతలు నిటారుగా ఉన్నాయి. గురి మాత్రం నిలవదు. ఇవాళ సూటిగా తగిలిన తూటా రేపు జానెడు ఎడమకు పోతుంది. పాడైనట్టు కనిపించని వస్తువు మీద కోపం తెచ్చుకోవడం కష్టం. ఆమె ఆ కష్టమూ పడింది.

హల్లింగ్‌దాల్ లోయలో ఆమెకు ఇల్లుంది, మేకలున్నాయి, కొండ మీద వేసవి పాక ఉంది. భర్త తార్యై కర్రమిల్లులో పనిచేస్తాడు. ఏడాది పొడుగునా అందరి మాటా వినే హల్దిస్, శరత్కాలంలో ఒక్క వారం మాత్రం ఎవరి మాటా వినదు. అది మూస్ వేట వారం. మూస్ అంటే గుర్రమంత ఎత్తు దుప్పి. ఒక్కటి పడితే జట్టులో ఇంటింటికీ చలికాలానికి మాంసం చేరుతుంది.

ఆమె మాటు చిత్తడి నేల అంచున, ఒక రాతిబండ పక్కన. అంతకుముందు అది తండ్రి హల్వార్ మాటు. రైఫిల్ కూడా ఆయనదే. యుద్ధం ముగిశాక జర్మన్లు వదిలిపోయిన మౌజర్. దానికి స్కోప్ పెట్టే వీలు లేకపోతే ఆయన కొలిమి దగ్గర కూర్చుని, నాగలి కర్రు ఉక్కును ఆకురాయితో అరగదీసి, ఇనుప పీట చేసి, రైఫిల్‌కు తన చేత్తోనే బెజ్జాలు వేసి బిగించాడు. పీట మీద స్కోప్‌ను పట్టుకునే రెండు కడియాలూ ఆయన చేసినవే. హల్వార్ పీట అంటే లోయలో తెలియనివాళ్లు లేరు. పెళ్లిళ్లలో కూడా దాని మాట వచ్చేది.

ఆయన పోయాక చాలాకాలం ఆయన వాడిన పాత స్కోప్‌తోనే హల్దిస్ నెట్టుకొచ్చింది. దాని గాజు పాలరంగుకు తిరిగాక కొత్తవి కొనడం మొదలైంది. అప్పటినుంచి మనశ్శాంతి లేదు.

పోయిన శరత్కాలంలో, అడవి నరికేసిన మేర దాటుతున్న ఒక ఆడ మూస్ మీద ఆమె కాల్చింది. భుజం వెనక తగలాల్సిన తూటా కడుపులో తగిలింది. అది పడలేదు. జట్టంతా వేట ఆపేసింది. గాయపడ్డ జంతువు దొరికేదాకా ఇంకో తూటా పేల్చకూడదన్నది వాళ్లు ఎన్నడూ తప్పని కట్టుబాటు. మర్నాడు మధ్యాహ్నానికి కుక్క దాన్ని వాగు పక్కన కనిపెట్టింది. ఎవరూ హల్దిస్‌ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికి వెళ్తున్నప్పుడు జట్టు పెద్ద ఎంబ్రిక్ ఆమె గుమ్మం దగ్గర ఆగాడు. డెబ్బై దాటిన మనిషి. హల్వార్‌తో కలిసి వేటాడినవాడు.

"వచ్చే ఏడాదికి నీ తుపాకి చూసినచోట తగలాలి, పిల్లా. లేకపోతే నిన్ను అరుచుకుంటూ మూస్‌ని మాటుల వైపు తరిమేవాళ్లలో వేస్తాను. కోపంతో కాదు."

"కోపంతోనే అను. వినడానికి తేలిగ్గా ఉంటుంది" అంది హల్దిస్.

ఆ మాటు పోతే ఆమెకు వేటలో మిగిలేది అరుపులే. తండ్రి కూర్చున్న బండ మీద ఇంకెవరో కూర్చుంటారు. ఏడాదంతా అదే ఆలోచన.

వేసవి చివర లోయ మొత్తానికి ఒకటే పని దొరికింది, హల్దిస్‌కు స్కోప్ గురించి సలహా ఇవ్వడం. చర్చి దగ్గర కాఫీ తాగుతూ ఒకాయన జర్మన్ సరుకు తప్ప ముట్టుకోవద్దన్నాడు. పక్కనే ఉన్న ఆయన తమ్ముడు, జపాన్ గాజు ముందు అది దిగదుడుపేనన్నాడు. ఆ అన్నదమ్ములు ఆ రోజు విడిగా ఇంటికెళ్లారు. పాల లారీ డ్రైవర్ ఇంజిన్ ఆపకుండానే కిటికీలోంచి తల పెట్టాడు.

"నా స్కోప్ మీద ట్రాక్టర్ ఎక్కింది. గీత కూడా పడలేదు."

"ట్రాక్టర్ ఎందుకెక్కింది?"

"అది వేరే కథ."

"నడిపింది నువ్వేనా?"

"పాలు చల్లగా ఉండగానే వెళ్లాలి" అని ఆయన వెళ్లిపోయాడు.

ఇంతమందికి ఇన్ని తెలిసి, తన రైఫిల్ ఒక్కటి మాత్రం ఎందుకు సూటిగా కాల్చదో ఆమెకు బోధపడలేదు. తల బొప్పి కట్టి, ఒక శుక్రవారం రైఫిల్‌ను సంచిలో పెట్టుకుని కింది ఊళ్లో దుకాణానికి బయల్దేరింది.

దుకాణం ఐవిన్‌ది. ముప్పై ఏళ్లవాడు, మాటకారి.

"ఏం చూపించమంటావు?"

"చావని స్కోప్."

ఐవిన్ బల్ల మీద వరసగా పేర్చాడు. "ఇది చూడు. పద్దెనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది."

"మూస్ కనురెప్పలు లెక్కపెట్టడానికా?"

"పోనీ ఇది. లోపల ఎర్ర చుక్క వెలుగుతుంది."

"బ్యాటరీతోనా?"

"బ్యాటరీతోనే."

"ఆ చలిలో నా వేళ్లకే ప్రాణం ఉండదు. దానికుంటుందా?"

"అయితే ఇది. ఫోన్‌కి కలుస్తుంది. నువ్వు కాల్చింది వీడియో తీస్తుంది."

హల్దిస్ దాన్ని పక్కకు జరిపింది. పోయినేడాది తను కాల్చింది ఎవరూ వీడియో తీయనందుకు దేవుడికి దండం పెట్టుకుంది.

"నాకు కావలసింది చెబుతాను, విను. తిప్పే మరలు తక్కువ ఉండాలి. ఉన్నవాటికి మూతలుండాలి. గొట్టం ఒకే ముక్క లోహం కావాలి. లోపలికి తేమ పోకూడదు. చలిలోంచి వెచ్చని ఇంట్లోకి తెచ్చినా మసకబారకూడదు. కిందపడితే గురి మారకూడదు."

"కింద పడెయ్యకుండా ఉంటే?"

"నేను పడెయ్యను. నాచు పట్టిన బండల మీద జారి పడేది నేను. రైఫిల్ నాతో వస్తుంది."

 ఐవిన్ వంగి, బల్ల కిందినుంచి ఒక పెట్టె తీశాడు. పొట్టిది, నల్లది, చూడడానికి ఏమీ లేదు. నాలుగు రెట్లు దగ్గర చేస్తుంది, పెంచడం తగ్గించడం ఉండదు.

"ఇది ఎవరికీ నచ్చదు. లోపల కదిలేవి తక్కువ, కాబట్టి విరిగేవీ తక్కువ. కొన్నవాడు మళ్లీ రాడు. అందుకే నేను ముందు చూపించను."

హల్దిస్ కిటికీలోంచి చూసింది. రోడ్డవతల పెట్రోలు బంకులో ఒకడు చెవి గోక్కుంటున్నాడు. తేటగా కనిపించాడు.

"ఇదే" అంది.

ఐవిన్ బిగించి ఇస్తానన్నాడు. పాత స్కోప్ ఊడదీశాడు. కొనలు సూదిగా చెక్కిన రెండు పొట్టి కడ్డీలు తెచ్చి, ఒక్కో కడియంలో ఒకటి పెట్టి, ఒకదానివైపు ఒకటి జరిపాడు. రెండు కొనలూ ఎదురెదురుగా తాకాలి. అవి తాకలేదు. ఒకటి కిటికీ వైపు చూసింది, ఒకటి తలుపు వైపు.

"నీ స్కోప్‌ల తప్పేం లేదు" అన్నాడు నెమ్మదిగా. "పీట వంకర. రెండు కడియాలూ గొట్టాన్ని చెరో వైపు మెలిపెడుతున్నాయి. ఇందులో ఏది బిగించినా నడుం విరుగుతుంది. విరగనిది ఒక్కో దెబ్బకీ కాస్త కాస్త జరుగుతుంది. వెనక కడియం కింద ఈ రేకేమిటి?"

"కాఫీ డబ్బాది. ఎత్తు చాలక మా నాన్న పెట్టాడు."

"దీన్ని తీసేసి కొత్త పీట వేద్దాం. పాత బెజ్జాలు పూడ్చాలి. మూడు వారాలు పడుతుంది."

"వేట పైవారమే."

"అయితే ఈ ఏటికి ఇంకో రైఫిల్..."

"మా నాన్న దీనితో బతికినంత కాలం మూస్‌లు కొట్టాడు. పీట వంకరైతే ఎలా కొట్టాడు?"

"అది నాకు తెలీదు" అన్నాడు ఐవిన్. నిజంగానే తెలియనట్టు ముఖం పెట్టాడు.

ఆమె రైఫిల్ సంచిలో పెట్టుకుంది, స్కోప్ చంకలో పెట్టుకుంది. దారి పొడుగునా ఆ సూది కొనలే కళ్లముందు కదిలాయి. నిన్నగాక మొన్న దుకాణం పెట్టిన కుర్రాడు హల్వార్ పీటకు వంక పెడతాడా? ఇంటికెళ్లి, కాఫీ డబ్బా రేకు ఎక్కడిదక్కడే పెట్టి, కొత్త స్కోప్‌ను తనే బిగించింది.

పెద్ద జంతువుల వేటకు వెళ్లేవాళ్లు ఏటేటా గురి పరీక్ష పాసవ్వాలి. ఆ ఏటి పరీక్షలకు చివరి రోజైన శనివారం సాయంత్రం గురి మైదానంలో పొయ్యి మీద కాఫీ మరుగుతోంది, ఎవరో గడుల అచ్చులో వాఫిల్స్ అట్లు పోస్తున్నారు. హల్దిస్ చాప మీద పడుకుని, దూరాన నిలబెట్టిన రెయిన్‌డీర్ బొమ్మ మీద కాల్చింది. ఎంబ్రిక్ దుర్భిణి పెట్టుకుని చూశాడు. ఐదు తూటాలూ వలయంలోనే ఉన్నాయి. ఒకటి మరీ అంచున ఉంది, కానీ లోపలే.

ఎంబ్రిక్ ఆమె వీపు మీద చరిచాడు. "బండ తుడుచుకో, పిల్లా. మాటు నీదే."

ఆమె గోధుమరంగు మేక జున్ను వేసుకుని రెండు వాఫిల్స్ తింది. ఐవిన్ మీద కోపం కాస్త తగ్గింది. అంచున పడ్డ ఆ ఒక్కటి మాత్రం నోట్లో రాయిలా తగులుతూనే ఉంది.

ఆదివారం పొద్దున మొదటి మంచు గట్టిపడింది. ఎందుకో తెలియకుండానే రైఫిల్ తీసుకుని కొట్టం వెనక్కి వెళ్లి, మట్టికట్టకు అట్ట తగిలించి, దూరం నడిచి, మూడుసార్లు కాల్చింది. మూడూ ఎడమకు పోయాయి. మర మూత తీసి సరిచేసి మళ్లీ కాల్చింది. మొదటిది నడిమధ్యన తగిలింది. రెండోది కుడికి, మూడోది ఇంకా కుడికి. మేకలు కంచె దగ్గర నిలబడి చూశాయి.

తార్యై రెండు కప్పుల కాఫీతో వచ్చాడు.

"తగిలాయా?"

"తగిలాయి. తలో దిక్కునా."

"కొత్తదీ పోయిందా?"

"పోలేదు. అదే గోల. దీనికి పోయేదేం లేదు."

 ఆమె కాఫీ సగం తాగి, "పీట" అంది.

"నేనెప్పుడో అందామనుకున్నాను."

"అనలేదే?"

"మీ నాన్న బతికున్నాడు కదా."

"పోయాక?"

"పోయాక ఇంకా కష్టమైంది."

హల్దిస్‌కు కప్పు విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. కప్పు ఏం చేసింది?

పరీక్ష పాసైన చీటీ చేతిలో ఉంది. మాటు తనదని ఎంబ్రిక్ అందరి ముందూ అన్నాడు. ఈ రైఫిల్ సంగతి తెలిసింది తనకు, తార్యైకి, మేకలకు. రేపు నోరు మూసుకుని బండ మీద కూర్చుంటే అడిగేవాడు లేడు. మూస్ కూడా అడగదు. నిరుడు వాగు దాకా నడిచిన ఆ మూస్ కూడా అడగలేదు.

సోమవారం తెల్లవారేసరికి జట్టు ఎంబ్రిక్ ఇంటి ముందు చేరింది. ఎంబ్రిక్ ఎవరి మాటు ఎక్కడో చెబుతూ వచ్చాడు. చిత్తడి నేల మాటు వంతు వచ్చేసరికి ఆగి, "హల్దిస్" అన్నాడు.

"నన్ను తరిమేవాళ్లలో వెయ్యి."

"పరీక్ష పాసయ్యావుగా."

"ఆ సాయంత్రం పాసయ్యాను. నిన్న పొద్దున తప్పాను."

"ఎవరు చూశారు?"

"మేకలు. రైఫిల్ ఇంట్లోనే వదిలేసి వచ్చాను. నాన్న పీట వంకర. ఇదిగో, అనేశాను."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఎంబ్రిక్ టోపీ తీసి, లోపల ఏదో వెతుకుతున్నట్టు చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆమెను కట్టెల పాక పక్కకు తీసుకెళ్లాడు.

"మీ బండకి ఎదురుగా ఒక తెల్ల బెరడు బర్చ్ చెట్టుండేది, హల్వార్ అది దాటి ఎన్నడైనా కాల్చాడా? బండకి ముప్పై అడుగుల్లో ఉండేది. మూస్ ఆ చెట్టు దగ్గరికొస్తేనే కాల్చేవాడు. రాకపోతే ఇంటికొచ్చేవాడు. అంత దగ్గర్లో కాఫీ కెటిల్ ముక్కులోంచి చూసి కాల్చినా తగులుతుంది. అప్పుడు అడవి దట్టం, మూస్‌కి వేరే దారి లేదు. ఇప్పుడు చెట్లు కొట్టేశారు, నువ్వు దూరంగా కాల్చాల్సి వస్తోంది."

"అంటే నాన్నకి తెలుసా?"

"తెలిసే కదా చెట్టు గుర్తు పెట్టుకుంది."

"నీకు?"

"అందరికీ తెలుసు."

హల్దిస్ చేతులు నడుం మీద పెట్టుకుంది. "అందరికీ తెలుసు. వేసవంతా వచ్చి జర్మనీ అన్నారు, జపాన్ అన్నారు, ట్రాక్టర్ ఎక్కిందన్నారు. పీట అని ఒక్కడికి నోరు రాలేదా?"

"స్కోప్ గురించి ఎవరైనా చెప్పొచ్చు" అన్నాడు ఎంబ్రిక్. "పోయినవాడి చేతిపని గురించి వాళ్ల అమ్మాయికి ఎవడు చెబుతాడు?"

హల్దిస్ పాక గోడకు ఆనించి ఉన్న చేతికర్ర ఒకటి లాక్కుంది.

బండ మీద ఓస్లో నగరం నుంచి వచ్చిన ఎంబ్రిక్ అల్లుడు కూర్చున్నాడు. అతని స్కోప్ ఫోన్‌కు కలుస్తుంది. హల్దిస్ చేతికర్ర పట్టుకుని తరిమేవాళ్ల వరసలో కొండ దిగింది. చెట్ల మొదళ్ల మీద కొట్టింది, అరిచింది. అరవడానికి ఆ రోజు ఆమెకు కారణాలు తక్కువ లేవు. పక్కవాడు చేతి రేడియోలో, కాస్త నెమ్మదిగా అరవమని, తన కుక్క బెదురుతోందని వేడుకున్నాడు.

పల్లంలో, ఫర్ చెట్ల గుంపు దగ్గర ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ముందు కొమ్మలు విరిగిన చప్పుడు. మగ మూస్ ఒకటి వరసను చీల్చుకుని వెనక్కి వస్తోంది. పెద్దది. కొమ్ముల మీద నాచు వేలాడుతోంది. ఆమెకు ఎదురుగా వచ్చి, పక్కకు తిరిగి, భుజం చూపిస్తూ నిలబడింది. మధ్యలో ఇరవై అడుగులు కూడా లేవు.

హల్దిస్ కదల్లేదు. దాని ముక్కులోంచి ఆవిరి రావడం చూసింది.

"అటు పోవాలి" అంది దానితో, కర్రతో చిత్తడి నేల వైపు చూపిస్తూ. "అటు."

మూస్ ఆమెను పైనుంచి కిందికి చూసింది. తొందరేమీ లేకుండా ఆమె పక్కనుంచే నడిచి, కొండ ఎక్కి, చెట్లలోకి వెళ్లిపోయింది.

రేడియో గరగరమంది. ఎంబ్రిక్ గొంతు. "ఇక్కడ ఏమీ రాలేదు. ఎవరికైనా ఏమైనా కనిపించిందా?"

ఆమె మీట నొక్కింది. "మగది. పెద్దది. నన్ను దాటి వెనక్కి పోయింది."

"ఎంత దూరంలో?"

హల్దిస్ మంచులో దాని గిట్టల గుర్తుల దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచి, అక్కడినుంచి తను నిలుచున్న చోటు వైపు తిరిగి చూసింది.

"మా నాన్న దూరంలో" అంది.