దొంగల మూల

పొద్దున్నే ఫోన్‌కి ఒక సీసీ కెమెరా వీడియో వచ్చింది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒకప్పుడు నేను తోట వేసిచ్చిన ఇంటి కాంపౌండు గోడ, గోడ మీంచి రోడ్డు వైపు వాలిన సన్నజాజి తీగ, దాని కింద వాకింగ్ బూట్లు వేసుకున్న ఒకావిడ. అటు చూసింది, ఇటు చూసింది, ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించింది. తర్వాత కొమ్మ ఒకటి విరిచి, చున్నీ చాటున దాచేసి, ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్లిపోయింది. పంపింది ఆ ఇంటి కొడుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "ఆంటీ, డైలీ ఇదే గొడవ. ఆ క్రీపర్ తీసేసి, వాల్ మీద గ్రిల్ పెట్టిద్దామనుకుంటున్నా. మంచి డిజైన్ ఏదైనా ఇవ్వండి" అని కింద రాశాడు. నేను ఆ వీడియోని మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తూ నవ్వుకుంటుంటే పక్కన కాఫీ చల్లారిపోయింది.

ఇళ్లకి తోటలు గీసివ్వడం నా వృత్తి. చెట్లు నాటడానికి చదువెందుకని మా నాన్న చివరిదాకా అంటూనే ఉన్నారు కానీ, ఆ చదువే నాకు ఇన్నేళ్లుగా అన్నం పెడుతోంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు ఫోన్ తీసి ఏదో దీవిలో తీసుకున్న రిసార్ట్ ఫోటోలు చూపిస్తారు. తెల్ల గులకరాళ్లు కావాలంటారు, నీళ్లు జారే గోడ కావాలంటారు, మూలన ఒక బుద్ధుడి తల ఉండి తీరాలంటారు. ఆయన తల ఒక్కటే అందరికీ ఎందుకు కావాలో, మిగతా శరీరం ఏం పాపం చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ మధ్య ప్లాస్టిక్ గడ్డి అడిగేవాళ్లు కూడా తయారయ్యారు. వాళ్లకి తివాచీల కొట్టు అడ్రసు ఇచ్చి పంపేస్తాను. మిగిలినవాళ్లని మాత్రం ఒక కుర్చీ అడుగుతాను. పొద్దున వాళ్ల ఖాళీ జాగాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, సాయంత్రం ఎండ దిగిపోయేదాకా లేవను. ఎండ ఏ గోడ మీద పడి ఏ గోడ దిగుతుందో చూడకుండా కాగితం మీద గీత కూడా గీయను. అదంతా కాలేజీలో నేర్చుకున్నాననుకుంటారు. అది నేను నేర్చుకున్నది కాటన్‌పేటలో మా మేడ మీద, మా మేనత్త దగ్గర.

కింద దారపు ఉండల హోల్‌సేల్ కొట్టు, పైన ఇల్లు, ఆ పైన మేడ, అదీ మా ఇల్లు. వీధిలోకి తొంగిచూస్తే పరుపులు కుట్టేవాళ్ల దూది గాల్లో తేలుతూ కనిపించేది, బస్తాలు మోసే బండ్ల మధ్య మనిషి నడవడానికే జాగా ఉండేది కాదు. అలాంటిచోట అత్త ఒక అడవిని పెంచింది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి ఆమె. మేడ మీద నూనె డబ్బాలు, పెయింటు డబ్బాలు, పిడి ఊడిన బకెట్లు, మూత పోయిన ప్రెషర్ కుక్కరు ఒకటి, అన్నిట్లోనూ మొక్కలే. మా పక్కన ఒక లాడ్జి గోడ ఉండేది. దాని నీడ పొద్దంతా మా మేడ మీద తిరుగుతుంటే, ఆ నీడకి అందకుండా అత్త డబ్బాలని ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుపుతూ తిరిగేది. నడుం నొప్పి వస్తుంది, వదిలెయ్ అత్తా అంటే, "చెట్టు యాడుండల్లో మనం చెప్పేది కాదు పాపా, ఎండ చెప్తాది. మనం సుమ్మనే మోసేవాళ్లం" అనేది.

మెట్ల దగ్గర సిమెంటు తొట్టిలో సన్నజాజి ఉండేది. అత్త వచ్చిన కొత్తలో నాటిందట. మెట్ల కమ్మీలని చుట్టుకుని పైదాకా పాకి, సాయంత్రమయ్యేసరికి కొట్టులో దారపు ఉండలకి కూడా జాజుల వాసన పట్టేది. ఆ పూలు అత్త తలలో ఎన్నడూ పెట్టుకోలేదు. అప్పటి పద్ధతి అది. కోసి, మాల కట్టి, వీధిలో ఆడపిల్లలున్న ఇళ్లన్నిటికీ పంపేది.

పూలు పంచేది కానీ మొక్కలు మాత్రం ఇచ్చేది కాదు. అడిగి తీసుకున్న అంటు బతకదని, దొంగతనంగా తెచ్చుకున్నదే బతుకుతుందని మావాళ్లలో ఒక నమ్మకం. అత్తకి అది నమ్మకం కాదు, చట్టం. దాన్ని ఆ వీధి మొత్తం పాటించేది. ఎవరికైనా కొమ్మ కావాలంటే, వడియాలు ఆరబెట్టుకుంటానని మేడ ఎక్కి వచ్చేవాళ్లు. అత్త వాళ్లని ఎగాదిగా చూసి, "పాలు పొంగుతా ఉండాయేమో, చూసొస్తా" అని లోపలికి వెళ్లేది. పొయ్యి కూడా వెలిగించి ఉండేది కాదు. అత్త తిరిగి వచ్చేసరికి ఆ వచ్చినావిడ కొంగు చాటున చెయ్యి పెట్టుకుని వాతావరణం గురించి మాట్లాడుతూ ఉండేది, అత్త కూడా ఎండలు ఎక్కువయ్యాయని ఒప్పుకునేది. ఒకసారి ఎదురింటికి కాపురానికి వచ్చిన కొత్త కోడలు సంగతి తెలియక, "ఒక కొమ్మ ఇస్తారా" అని నేరుగా అడిగేసింది. "అడిగినావా? అయిపాయ" అని అత్త తల పట్టుకుంది. తర్వాత జాలిపడి, "రేపు మధ్యాహ్నం రా. నేను పండుకోని ఉంటా" అని చెప్పి పంపింది. మర్నాడు ఆ పిల్ల వచ్చి వెళ్లేదాకా అత్త కళ్లు మూసుకుని, మధ్యమధ్య గురక కూడా పెట్టింది.

నేను చదువు పూర్తిచేసి, మొట్టమొదటి తోట పని ఒప్పుకున్న రోజుల్లోనే ఆ ఇల్లు వదలాల్సి వచ్చింది. గోడలు పగుళ్లిచ్చాయి, కొట్టు నడవడం లేదు. ఇంటిని పడగొట్టి గోడౌన్ కడతారని, మేం విజయనగర్‌లో ఒక ఫ్లాట్‌కి మారిపోతామని నిర్ణయం జరిగిపోయింది. ఫ్లాట్ మూడో అంతస్తులో, బాల్కనీ ఉత్తరం వైపు. నేను వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎండ లోపలికి రానే రాదని తెలిసిపోయింది. ఇంటికొచ్చి ఎలా చెప్పాలా అనుకుంటుంటే అత్తే, "రాదు కదప్పా?" అని, నా జవాబు కోసం చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె ఇల్లు పోతోందని ఏడవలేదు. అన్ని ప్రాణాలని ఎక్కడ వదిలిపెట్టాలన్నదే ఆమె బాధ.

మా నాన్న మంచి మనసుతో చేసిన పని దాన్ని ఇంకా చెడగొట్టింది. తన అక్క మీది భారం తగ్గిద్దామని ఆయన పేటంతా తిరిగి, "మా అక్క మొక్కలన్నీ ఊరికే ఇచ్చేస్తా ఉంది, వచ్చి తీసుకుపొండి" అని చెప్పి వచ్చారు. ఆ మాట విని అత్త నిలువునా కూలబడింది. "ఇచ్చేస్తా అని చెప్పినావా? అన్నిటినీ చంపేసినావు కదరా" అంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మొక్కలన్నీ ఎండిపోయేదాకా ఈ ఇంట్లోనే ఉంటాను, ఆ తర్వాతే కదులుతానని మొండికేసింది. నాన్న తల గోక్కుంటూ కూర్చున్నారు. ఆయన తెలిసి ఎవరికీ చెడు చేసిన మనిషి కాదు.

దాన్ని చక్కదిద్దింది మా అమ్మ. మర్నాడు అదే వీధుల్లో తిరిగి, "మా వదిన మనసు మార్చుకుంది, ఎవరికీ ఒక ఆకు కూడా ఇవ్వదట. ఎవరూ రావొద్దు" అని కఠినంగా చెప్పింది. అందరికీ చెప్పి, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు, "శుక్రవారం మధ్యాహ్నం మాత్రం మేడ తలుపు గడియ పడట్లేదు, బాగుచేసేవాడు దొరకలేదు" అని కలిపింది. ఆ వీధికి అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

శుక్రవారం అత్త వంటింట్లో మెట్లకి వీపు పెట్టుకుని కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరింది. నేనూ పక్కనే కూర్చున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. డబ్బాలు రాసుకున్న మోత, ఎవరో ఎవరినో గదమాయించడం, పరుపుల కొట్టు సాయిబు దగ్గు కూడా వినిపించాయి. "పిల్లులు" అంది అత్త, తల ఎత్తకుండా. కాసేపటికి పెద్ద బకెట్టు ఏదో మెట్ల మీద ఢాం అని పడింది. "ఈ పేటలో పిల్లులు దండిగా అయిపోయినాయి" అంది. ఆమె కళ్లలోంచి నీళ్లు బియ్యంలో పడుతున్నాయి, పెదాల మీద మాత్రం నవ్వు ఉంది. దీపాలు పెట్టే వేళకి పైకి వెళ్లి చూస్తే మేడ మీద డబ్బాల అడుగు తుప్పు గుండ్రాలు తప్ప ఏమీ లేవు. సన్నజాజి ఒక్కటి ఉండిపోయింది. కమ్మీలని పెనవేసుకున్న తీగని ఏ దొంగ మాత్రం ఎలా ఎత్తుకుపోతాడు?

దాన్ని నేను దొంగిలించాను. అత్త గుడికి వెళ్లినప్పుడు తీగని మోకాలి ఎత్తుకి నరికి, తొట్టి పగలగొట్టి, వేరు ముద్దని గోనెలో చుట్టి ఆటోలో వేసుకుని ఊరి అవతలి కొసన ఉన్న బ్రూక్‌ఫీల్డ్ పోయాను. నా మొదటి తోట అక్కడే. ఆ ఇంటావిడ ప్రకాశం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో స్థిరపడిన నర్సు, నేను సిస్టర్‌గారూ అని పిలిచేదాన్ని. ఆ మోడుని చూసి ఆవిడ ఇబ్బందిగా ముఖం పెట్టింది. "మేం పూలు పెట్టుకోంగా అమ్మా. మా చర్చిలో ఎవరం పెట్టుకోం. జాజి మాకెందుకు?" అంది. నేను బతిమాలాను. ఆవిడ కాస్త ఆలోచించి, "పోనీ నాటండి. మా ఆయన సాయంత్రం బయట కూర్చుంటాడు, వాసనొస్తే వద్దంటామా" అంది. ఎండ బాగా పడే చోటు కాంపౌండు గోడ మూల ఒక్కటే. రోడ్డుకి చెయ్యి అందేంత దగ్గర. అక్కడే నాటాను. పూలు పెట్టుకోని ఒక మనిషి నుంచి పూలు పెట్టుకోని ఇంకో మనిషి దగ్గరికి ఆ తీగ అలా చేరింది.

చాలా రోజులు అది చిగురు వేయలేదు. విజయనగర్ ఫ్లాట్‌లో అత్త ఖాళీ బాల్కనీలో కూర్చునేది. మాట తగ్గింది, తిండి తగ్గింది. సన్నజాజి ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే అది చస్తుందని ఆమె భయం, చెబితే చస్తుందేమోనని నా భయం. చదువుకున్నదాన్నే, కొమ్మకి మన మాటలు వినిపించవని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. ఆ మోడు చచ్చిపోతే అత్త కూడా ఇక లేవదని నాకు గట్టిగా అనిపించేది, పని ఉన్నా లేకపోయినా బ్రూక్‌ఫీల్డ్ వెళ్లి దాని ముందు నిలబడి వచ్చేదాన్ని. ఎండాకాలం నడుమ మామిడి వానలు పడ్డాక ఒకరోజు కణుపు దగ్గర పచ్చగా ఏదో కనిపించింది. సిస్టర్‌గారి గేటు పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడకి ఏమీ అర్థం కాక, ఎవరైనా పోయారేమోనని నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

తీగ గోడెక్కాక, నా పని చూద్దువు రమ్మని అత్తని తీసుకెళ్లాను. ఆమె పచ్చిక చూసింది, రాళ్ల దారి చూసింది, బాగుండాదంది. మూలకి వచ్చి ఆగింది. తీగ మొదలు మీద మెట్ల కమ్మీ కోసుకుపోయిన మచ్చ ఉంది. దాని మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. తర్వాత సిస్టర్‌గారితో, "అమ్మణ్ణీ, స్వల్ప నీళ్లిస్తావా" అంది. ఆవిడ లోపలికి వెళ్లింది. అత్త నా వైపు తిరిగి, "నువ్వూ పో" అంది. మేం నీళ్లు తెచ్చేసరికి ఆమె చెయ్యి కొంగు చాటున ఉంది, కొంగులోంచి రెండాకులు బయటికి చూస్తున్నాయి. సిస్టర్‌గారు మంచితనంగా, "కావాలంటే ఇంకో రెండు కొమ్మలు..." అని ఎత్తుకునేలోపు నేను ఆవిడ కాలు తొక్కాను.

ఆ కొమ్మ ఉత్తరపు బాల్కనీలో బతికింది. పూలు అంతంతమాత్రం, ఆకులు మాత్రం దండిగా. అత్త పోయేదాకా ఆ తొట్టి పక్కనే కుర్చీ వేసుకునేది. అప్పటి నుంచి నేను గీసిన ప్రతి తోటలోనూ రోడ్డుకి చెయ్యి అందే చోట ఒక మొక్క ఉంటుంది. ప్లానులో దానికి ఏదో పేరు రాస్తాను. నా మనసులో మాత్రం అది దొంగల మూల.

ఇవాళ సాయంత్రం బ్రూక్‌ఫీల్డ్ వెళ్లాను. కొడుకు గ్రిల్ కొలతలతో సిద్ధంగా ఉన్నాడు. "సెక్యూరిటీ ఇష్యూ కదా ఆంటీ" అన్నాడు. ఇప్పుడు జుట్టు పూర్తిగా నెరిసిన సిస్టర్‌గారు కుర్చీలోంచే, "మీ నాన్న ఆ వాసన కోసమే గదరా చివరిదాకా ఆ మూల కూర్చుంది. కెమెరా గేటు వైపు తిప్పు. ఆ మూల మనం చూడక్కర్లేదు" అంది. నా వైపు తిరిగి, "ఆ రోజు కాలు గట్టిగానే తొక్కారమ్మా. ఎందుకో తర్వాత అర్థమైంది. అప్పటి నుంచి ఎవరైనా గోడ దగ్గర ఆగితే నేను లోపలికి పోతా" అంది.

అతను నిచ్చెన వేసుకుని కెమెరా తిప్పుతుంటే మేమిద్దరం ఆ మూల దగ్గర నిలబడ్డాం. తీగ మొదలు నా చెయ్యంత లావైంది, కమ్మీ మచ్చ దానితోపాటే పెద్దదైంది. కాటన్‌పేట ఇల్లు లేదు, అత్త లేదు, నాన్న లేరు. మనల్ని అడగకుండానే కాలం అన్నీ పట్టుకుపోతుంది. అత్త లెక్క నిజమే అయితే, అడగకుండా పట్టుకుపోయినవన్నీ ఎక్కడో ఒకచోట బతికే ఉండాలి.