గాజుల చప్పుడూ, కండెన్సర్ మైకూ

ఆ రోజుల్లో మైకు ముందు నిలబడితే గొంతు చించుకోవాలన్నదే నాకు తెలిసిన విద్య. కాలేజీలో అలా అరిచి బహుమతులు కూడా కొట్టేశాను! ఎనభైల్లో పెళ్ళయి ఢిల్లీ వచ్చిన కొత్తలో, డాక్యుమెంటరీలకు తెలుగు వ్యాఖ్యానం చదివే గొంతు కావాలని ఒక చిన్న స్టూడియో నుంచి కబురొస్తే ఎగిరి గంతేశాను. నాకంటూ ఒక పని! మయూర్ విహార్ నుంచి బస్సులో తోడుగా అత్తయ్య వచ్చారు (తోడంటే కాపలా అని చదువుకోండి). అప్పటిదాకా ఆవిడ నన్ను ఒక్క మాట మెచ్చుకుని ఎరగరు. కూర బాగా కుదిరితే ఏ వంకా పెట్టకుండా తినేసేవారు, అంతే.

గేదెల గాలికుంటు వ్యాధి గురించి మొదటి వాక్యం అందుకున్నానో లేదో, రికార్డిస్టు చెవులు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అరే బేటీ, ధీరే! యే కండెన్సర్ మైక్ హై!" అంటూ హిందీలో పాఠం చెప్పాడు. లోపల ఉల్లిపొర లాంటి రేకు, దాని వెనకే వెంట్రుకవాసి ఎడంలో ఒక లోహపు పలక. రెండింటి మధ్యా విద్యుత్తు నింపి ఉంచుతారు. మాట తగిలితే పొర వణుకుతుంది, సందు మారుతుంది, దాంతో విద్యుత్తూ మారుతుంది. ఆ మార్పే తీగలో మన గొంతు! పొర అంత తేలిక కాబట్టి గుసగుస కూడా వినేస్తుందట. నాకు ఒళ్ళు పులకరించింది.

గొంతు తగ్గించాను. ఈసారి గాజులు పట్టుబడ్డాయి. చేతులు తిప్పకుండా మాట్లాడటం నాకు పుట్టుకతో రాదు మరి. "చూడియా ఉతార్ దో," అన్నాడాయన.

"ఏడాది తిరక్కుండా పెళ్ళి గాజులు తీయడమా? కుదరదంటే కుదరదు!" అన్నారు అత్తయ్య.

అయిపోయింది నా ఉద్యోగం! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ నన్నోసారి చూసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, నా రెండు చేతులూ గాజులతో సహా గట్టిగా పట్టుకున్నారు. "ఊఁ, ఇప్పుడు చదువు."

చదివాను! టేపు వెనక్కి తిప్పి వినిపించారు. గాజుల చప్పుడు లేదు. కానీ రెండు వాక్యాల నడుమ, ఊపిరంత సన్నగా, "ఎంత చక్కగా చదువుతోందే నా తల్లి!"

"యే కౌన్ బోలా?" అన్నాడు రికార్డిస్టు. అత్తయ్య సీలింగు ఫ్యాను వంక చూస్తున్నారు. నాకైతే అక్కడే గంతులేయాలనిపించింది!

ఆ టేపు ఇమ్మని బతిమాలాను. "టేప్ మెహంగా హై బేటీ," అని ఖరీదు సంగతి చెప్పి, దాని మీదే మళ్ళీ చదివించాడు. ఈసారి అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఒంటి చేత్తోనే నా రెండు చేతులూ అదిమిపట్టారు. ఉద్యోగం వచ్చింది. ఆ మాట మాత్రం గేదెల కింద చెరిగిపోయింది.

ఆ తర్వాత ఎన్నో మైకుల ముందు కూర్చున్నాను. ఇప్పటికీ చదవబోయే ముందు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఒక్క క్షణం ఆగుతాను. పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరని గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుని మొదలుపెడతాను.